మోకాలి నెగిటివ్

గుండ్లవాగు ఊరు మొత్తమ్మీద తెలివి ఎక్కువై ఇబ్బంది పడుతున్న ఇల్లు ఒకటే ఉంది. అది కళాజ్యోతి ఫోటో స్టూడియో వాళ్ళది. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనరు. వాళ్ళే అంటారు. అడగకపోయినా అంటారు.

ఇంటి పెద్ద నరహరి. అతని భార్య తులశమ్మ. తమ్ముడు దశరథం. పొద్దున లేచి ఒకరి తెలివిని ఒకరు మెచ్చుకున్నాకే ముగ్గురూ కాఫీ తాగుతారు. ఆ తెలివి తండ్రి నుంచి వచ్చిన ఆస్తి. ఆయన ఒకసారి ఊరి పోస్టుమాస్టర్ని కుర్చీలో కూచోబెట్టి, "నేను చెప్పేదాకా కదలకండి" అని ఫోటో తీసేసి భోజనానికి పోయాడు. తిని, ఓ కునుకు తీసి, సాయంత్రం వచ్చి చూస్తే పోస్టుమాస్టరు ఇంకా అలాగే కూచుని ఉన్నాడు. "అంత కదలని ఫోటో జిల్లాలో ఇంకోటి లేదు" అని నరహరి ఈనాటికీ చెప్పుకుంటాడు.

దశరథానికి ఇంకో విద్య కూడా ఉంది. స్టూడియోలో గిరాకీ తగ్గాక గోడల మీద నినాదాలు రాసే పని పట్టుకున్నాడు. ఈ పార్టీ ఆ పార్టీ అని లేదు, ఎవరు రంగు డబ్బా ఇస్తే వాళ్ళ గోడ రాసేవాడు. రాసి రాసి నినాదాలన్నీ నాలుకకు అంటుకుపోయాయి. వాటి అర్థం మాత్రం గోడకే వదిలేశాడు. ఇంట్లో అన్నం ఆలస్యమైతే పిడికిలెత్తి, "ఆకలి కేకలు వినని వంటిల్లు నశించాలి!" అంటాడు. తులశమ్మ గరిటెత్తి, "నశించాలి!" అంటుంది. అన్నం మాత్రం ఉడికేటప్పుడే ఉడుకుతుంది.

ఇట్లాంటి ఇంటికి ఒక పరీక్ష వచ్చింది.

ఊళ్ళో చేనేత సంఘానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. సంఘం పెట్టిన రోజున నరహరి తండ్రి పదకొండు మెట్ల టేకు నిచ్చెన ఎక్కి, పైన చెక్క కెమెరా బిగించి, నేతగాళ్ళందర్నీ, ఫిల్ముకి బదులు వాడే గాజు పలక ఒక్కదాని మీదికే పట్టాడు. ఆ ఫోటో సంఘం ఆఫీసులో ఇప్పటికీ వేలాడుతోంది. ఇప్పుడు దాని పక్కన ఇంకో ఫోటో పెట్టాలి. అదే నిచ్చెన, అదే కెమెరా. తండ్రి దాచిన గాజు పలకల్లో ఒక్కటే మిగిలింది. అన్నీ ఉన్నాయి. నరహరి కుడి మోకాలే లేదు. అంటే ఉంది, కానీ వాచి ఉంది. మూడో మెట్టు ఎక్కేసరికి పటుక్కుమని ప్రాణం పోతోంది.

సంఘం అధ్యక్షుడు చలమయ్య వచ్చి చూశాడు. ఆయన మాట చేతిలో ఉన్న కర్ర అంత సూటిగా ఉంటుంది.

"ఏవయ్యా నరహరీ, పున్నం నాటి ఉత్సవానికి ఇంకా మూడు వారాలుంది. అప్పటికి నిచ్చెన ఎక్కగలిగితే నువ్వే తీస్తావు. లేకపోతే పక్క టౌను నుంచి ఎగిరే కెమెరా వాళ్ళని పిలిపిస్తా. దానికి మోకాళ్ళుండవు."

ఆ మాట నరహరి గుండెలో దిగింది. తండ్రి నిలబడ్డ చోట కందిరీగలా రొద చేసే యంత్రమా? నూట ఇరవై మంది నేతగాళ్ళు, యాభై ఏళ్ళు తలొంచుకుని మగ్గం మీద బతికినవాళ్ళు, తలెత్తి దాన్నా చూడాలి? ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడు కుంటుకుంటూ భార్యనీ తమ్ముణ్ణీ వెంటేసుకుని బజారు వీధిలో ఫిజియోథెరపీ చేసే మెహరున్నీసా మేడమ్ దగ్గరికి పోయాడు.

ఆమె మోకాలు వంచి చూసింది, నొక్కి చూసింది. బల్ల సొరుగులోంచి సబ్బుపెట్టె అంత పరికరం తీసి చూపించింది.

"నరహరి గారూ, ఇందులోంచి ఎర్ర వెలుగు వస్తుంది. దాంతోబాటు కంటికి కనపడని వెలుగు కూడా కొంత వస్తుంది. కోయదు, కాల్చదు. చర్మం దాటి కాస్త లోపలికి పోతుంది. మన ఒంట్లో కణాలున్నాయి కదా, వాటిల్లో బలం తయారుచేసే చిన్న చిన్న పొయ్యిల్లాంటివి ఉంటాయి. ఈ వెలుగు తగిలితే అవి కొంచెం చురుగ్గా పనిచేస్తాయి. వాపూ నొప్పీ తగ్గే అవకాశం ఉంది. అందరికీ తగ్గుతుందని మాత్రం నేను ఒట్టెయ్యను."

తులశమ్మ చెయ్యెత్తింది. "పొగ ఎటు పోతుంది మేడమ్?"

"ఏం పొగ?"

"మోకాల్లో పొయ్యిలున్నాయన్నారు కదా."

మేడమ్ ఆ మాట వినపడనట్టే మిగతాది చెప్పింది. "రోజు విడిచి రోజు ఎనిమిది నిమిషాలు పెట్టండి. ఎక్కువ పెడితే ఎక్కువ మేలనుకోకండి. మోతాదు మించితే వచ్చే మేలు కూడా రాకుండా పోతుంది. మధ్యలో బట్ట అడ్డం ఉండకూడదు. లైటు వెలుగుతున్నంతసేపూ గదిలో ఎవరున్నా కళ్ళకు ఈ అద్దాలుండాలి. అన్నిటికంటే ముఖ్యం, మోకాలిని రోజూ ఇరవై సార్లు వంచి చాచాలి. మొదట్లో పటుక్కుమంటుంది. ఆ చప్పుడుకి భయపడకండి. ఆపకండి. ఇంకో మాట. బస్టాండులో ఒకడు ఎర్ర టార్చి పట్టుకుని బట్టతల, షుగరు, కోర్టు కేసు అన్నీ నయమవుతాయని అమ్ముతున్నాడు. పేదవాళ్ళ నొప్పి మీద బతికే వెధవ. వాడి జోలికి పోకండి."

"దోపిడీ టార్చి నశించాలి!" అన్నాడు దశరథం.

అంతే. పరికరం, నాలుగు జతల అద్దాలు తీసుకుని ముగ్గురూ ఇంటికొచ్చారు.

ఇంటికొచ్చి సమావేశమయ్యారు. నరహరి పరికరాన్ని వెలిగించాడు. ఎర్రగా వెలిగింది. ముగ్గురి ఒళ్ళూ జలదరించింది. రెండు తరాలుగా ఆ ఇంట్లో ఎర్ర లైటు అంటే ఒకటే: డార్క్‌రూమ్. ఫోటోలు కడిగే గది.

"ఎర్ర లైటు బయట వెలిగించావేంటి అన్నయ్యా! లోపలికి పద!" అని దశరథం అరిచాడు.

ఇంకేముంది, నరహరి మోకాలు డార్క్‌రూమ్‌లోకి పోయింది. దాని వెనకాలే నరహరి పోయాడు.

గదిలో ఉన్నవాళ్ళందరికీ అద్దాలుండాలి కదా. నరహరికి ఒకటి, తులశమ్మకి ఒకటి, దశరథానికి ఒకటి. నాలుగోది గోడమీద తండ్రి ఫోటోకి పెట్టారు. ఆయన కూడా చూస్తున్నాడు. బల్లకింద పిల్లి ఉంది. దానికి అద్దాలు లేవు. తులశమ్మ చెంగుతో దాని కళ్ళు మూసింది. అది చెయ్యి గీరింది. "మేలు చేస్తే ఇంతే" అంది తులశమ్మ.

మధ్యలో బట్ట అడ్డం ఉండకూడదు కదా. నరహరి పాంటు పైకి మడుద్దామన్నాడు. "మడిస్తే బట్ట రెండింతలవుతుంది, నాలుగింతలవుతుంది. అడ్డం ఇంకా పెరుగుతుంది" అంది తులశమ్మ. ఆ లెక్కకి ఇద్దరూ తలొంచారు. అంతే, కత్తెర తీసుకుని కుడి మోకాలి దగ్గర పళ్ళెమంత గుండ్రంగా కత్తిరించింది. అది ఉత్సవానికని కుట్టించిన కొత్త పాంటు. డాక్టరు దగ్గరికి కదా అని పొద్దున్నే తొడుక్కున్నాడు.

ఎనిమిది నిమిషాలు అయింది. మోకాలు ఎలా ఉండేదో అలాగే ఉంది.

"ఏమీ కనపడటంలేదే?" అన్నాడు నరహరి దిగులుగా.

దశరథం నవ్వాడు. తెలివైనవాడు నవ్వే నవ్వు. "అన్నయ్యా, నీకు ఫోటోలు తెలియనట్టు మాట్లాడతావేంటి? వెలుగు పడగానే బొమ్మ కనపడుతుందా? లోపల దాక్కుని ఉంటుంది. డెవలపర్లో ముంచితేనే బయటికొస్తుంది. నీ మోకాలి మీద కూడా వెలుగు పడింది. నయం లోపల పడి ఉంది. ఇక కడగాలి!"

నరహరికి కళ్ళు చెమర్చాయి. ఇంతటి తమ్ముణ్ణి కన్న తల్లి ఎంత గొప్పది!

అదే సమయానికి తులశమ్మ నీళ్ళు తేవడానికి తలుపు తీసింది. బయటి వెలుతురు సూటిగా మోకాలి మీద పడింది.

"తలుపు! తలుపు!" అని అన్నదమ్ములిద్దరూ గొంతు చించుకున్నారు. అప్పటికే ఆలస్యమైంది. కడగని మోకాలి మీద తెల్ల వెలుతురు పడితే ఇంకేముంది, ఎనిమిది నిమిషాలూ పాడైపోయాయి. మళ్ళీ ఎనిమిది పెట్టారు. ఈసారి పిల్లి తలుపు తోసింది. మళ్ళీ ఎనిమిది. ఆ తర్వాత నరహరే గాలాడటంలేదని తోశాడు. మళ్ళీ ఎనిమిది.

"మేడమ్ మోతాదు మించొద్దంది కదా?" అని నరహరికి అనుమానం వచ్చింది.

"పాడైన ఫోటోని ఫోటో అంటామా? పాడైన నిమిషాన్ని నిమిషం అనకూడదు" అంది తులశమ్మ.

ఆ తర్వాత డెవలపరు కలిపారు. ట్రేలో కాలు పట్టలేదు. బియ్యం కడిగే బేసిను తెచ్చారు. నరహరి అందులో మోకాలు ముంచి కూచున్నాడు. కాసేపటికి దురద మొదలైంది. ఇంకాసేపటికి మోకాలి మీద గోధుమరంగు మచ్చలు తేలాయి.

"వస్తోంది! వస్తోంది!" అని దశరథం గంతులేశాడు. "నయం పైకి తేలుతోంది! వర్ధిల్లాలి!"

ముగ్గురూ వంగి చూశారు. తులశమ్మకి ఒక మచ్చలో మామగారి మీసం కనపడింది. చేతులు జోడించింది.

తర్వాత నీళ్ళతో కడిగారు. కడిగిందాన్ని ఆరబెట్టాలి. ఫోటోలు ఆరేసే తీగ తలమీదుగా ఉంది. అంతే, నరహరిని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలు పైకెత్తి, పన్నెండు క్లిప్పులతో తీగకి తగిలించారు. మధ్యాహ్నమంతా ఆయన అలా ఆరాడు.

వంచి చాచే పని మిగిలిపోయింది. "అన్నయ్య కాలు ఆరుతోంది కదా, నేను చేస్తా. ఒకరి కష్టం అందరి కష్టం!" అని దశరథం ఇరవై సార్లు కూచుని లేచాడు. వారం రోజులూ దీక్షగా చేశాడు. అతని మోకాళ్ళు గుర్రం మోకాళ్ళలా తయారయ్యాయి.

నరహరివి కాలేదు. నాలుగోనాటికి నొప్పి రెండింతలైంది. "తమ్ముడూ, ఎక్కువైందిరా" అన్నాడు ఏడుపు గొంతుతో. కళ్ళముందు ఎగిరే కెమెరా ఎగురుతోంది.

దశరథం మళ్ళీ ఆ నవ్వే నవ్వాడు. "ఎక్కువవ్వాలి! ఇది నెగిటివ్ కదా! నెగిటివ్‌లో తెల్లది నల్లగా, నల్లది తెల్లగా ఉంటుందా ఉండదా? ఇందులో నొప్పి ఎంత చిక్కగా ఉంటే ప్రింటులో అంత హాయి."

"మరి ప్రింటు?"

"నెగిటివ్‌కి కాగితం ఆనించి వెలుగు పంపితే ప్రింటు. ఈ మోకాలికి ఆ మోకాలు ఆనించాలి."

ఇంకేముంది, తులశమ్మ పాంటుకి ఎడమవైపు కూడా గుండ్రంగా కత్తిరించింది. రెండు మోకాళ్ళూ దగ్గరికి చేర్చి తువ్వాలుతో బిగించి కట్టారు. కుడి పక్కనుంచి ఎర్ర వెలుగు పంపారు. ఎనిమిది నిమిషాలయ్యాక నరహరి ఉత్సాహంగా లేచాడు. కట్టు విప్పకుండా లేచాడు. లేచినవాడు లేచినట్టే బోర్లా పడ్డాడు.

"అమ్మో! ఎడమ మోకాలు!"

"వచ్చింది!" అని అరిచింది తులశమ్మ. "ప్రింటు వచ్చిందండీ! రెండు మోకాళ్ళూ ఒక్కలాగే ఉన్నాయి!"

నరహరి నేల మీద పడుకునే ఆలోచించాడు. ప్రింటు వచ్చింది, నిజమే. కానీ హాయి రాలేదు. ఎందుకు రాలేదు? కాసేపటికి తట్టింది. హైపో వేయలేదు! వచ్చిన బొమ్మ చెరిగిపోకుండా పట్టి నిలిపే మందు అది. స్టూడియోలో డబ్బా ఖాళీ అయి ఎన్నాళ్ళో అయింది. డాక్టరమ్మ దగ్గర తప్పకుండా ఉంటుంది. అంతే, తులశమ్మ గ్లాసు పట్టుకుని బయల్దేరింది.

"మేడమ్, ఒక గ్లాసుడు హైపో ఇప్పించండి. మా ఆయన మోకాలు ప్రింటు చేశాం. మందులో కడిగి ఆరబెట్టాం కూడా. చెరిగిపోతుందేమోనని భయంగా ఉంది."

మెహరున్నీసా మేడమ్ ఆమె చేతిలో గ్లాసు చూసింది. తర్వాత చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది.

డార్క్‌రూమ్‌లో అద్దాలు పెట్టుకున్న తండ్రి ఫోటో, తీగకి వేలాడుతున్న రెండు కాళ్ళు, మచ్చలు మచ్చలుగా మోకాళ్ళు. ఆమె గుమ్మంలోనే కూలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి కోపమే వచ్చింది.

"మోకాలు ఫోటో కాదయ్యా! ఈ లైటుకీ చీకటి గదికీ సంబంధం లేదు! ఎర్ర లైటు పట్టుకున్నప్పుడు మీ పాత పద్ధతులన్నీ బంద్. తలుపులు బార్లా తెరవండి. ఎండ రానివ్వండి. ఏ మందులోనూ ముంచకండి. ఏ తీగకీ కట్టకండి. ఎనిమిది నిమిషాలు వెలుగు, ఇరవై సార్లు వంచి చాచడం. అంతే! అంతకుమించి ఒక్క పని చేసినా నా పెట్టె పట్టుకుపోతాను. ఇది ఎక్కడైనా రాసిపెట్టుకోండి!"

రాయడం దశరథానికి చెప్పాలా? డార్క్‌రూమ్ తలుపు మీద ఎర్ర రంగుతో మూరెడేసి అక్షరాలు రాశాడు: "ఎర్ర లైటు నియమాలు: తలుపులు తెరవాలి! మందులో ముంచరాదు! ఎనిమిది నిమిషాల వెలుగు, ఇరవై వంపులు! పటుక్కుమన్నా ఆపేది లేదు! పాత పద్ధతులు నశించాలి!"

చర్మం మంట తగ్గేదాకా మూడు రోజులు మోకాళ్ళకి విశ్రాంతి ఇమ్మంది మేడమ్. ఆ తర్వాత నరహరి నియమం తప్పలేదు. పెరట్లో ఎండలో కూచుని, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, రోజు విడిచి రోజు ఎనిమిది నిమిషాలే. రోజూ తనే ఇరవై సార్లు. మొదటి రోజు మొదటి వంపుకే పటుక్కుమంది. ఆపలేదు. వారం తిరిగేసరికి వాపు తీసింది. పున్నానికి రెండు రోజుల ముందు ఆరు మెట్లు ఎక్కి దిగాడు. వెలుగుకి ఎంత, వంపులకి ఎంత అని మేడమ్ కూడా చెప్పలేకపోయింది. "తగ్గింది, అది చాలు. నిదానంగా ఎక్కండి" అంది.

పున్నం రోజు సంఘం ముందు నూట ఇరవై మంది వరసలు కట్టారు. ముసలి చేతులు, రంగులంటిన గోళ్ళు, ఇస్త్రీ చేసిన చొక్కాలు. చలమయ్య ముందు వరసలో కర్ర ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. జేబులో ఎగిరే కెమెరా వాళ్ళ ఫోన్ నెంబరు ఉంది.

నరహరి వచ్చాడు. పాంటుకి రెండు గుండ్రటి కిటికీలు. వాటిల్లోంచి రెండు మోకాళ్ళు ఊరిని చూస్తున్నాయి.

"గాలి కోసమా నరహరీ?" అని ఎవరో అరిచారు.

"వెలుగు కోసం!" అని దశరథం జవాబిచ్చాడు.

నరహరి మొదటి మెట్టు ఎక్కాడు. మూడోది దాటాడు. ఆరోది. ఏడో మెట్టు మీద గట్టిగా పటుక్కుమంది. కింద నూట ఇరవై మంది ఊపిరి బిగబట్టారు. చలమయ్య చెయ్యి జేబులోకి పోయింది. నరహరి కళ్ళు మూసుకున్నాడు. నొప్పి కోసం ఎదురుచూశాడు. రాలేదు. ఉత్త చప్పుడే. కళ్ళు తెరిచి ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు! నల్లగుడ్డ తలమీద కప్పుకుని అద్దంలో చూశాడు. నేతగాళ్ళందరూ తలకిందులుగా, తలెత్తుకుని, ఒకే ఫ్రేములో ఉన్నారు. తండ్రి చూసింది ఇదే కాబోలు.

"నేను చెప్పేదాకా కదలకండి!"

గాజు పలక దూర్చి, మూత తీసి, మూడు లెక్కపెట్టి, మళ్ళీ మూత పెట్టాడు. "ఇక కదలండి" అని కూడా చెప్పాడు. ఆ ఒక్క విషయంలో తండ్రిని మించాడు. ఊరు చప్పట్లు కొట్టింది. చలమయ్య లేచి ఫోన్ నెంబరు కాగితం చింపేశాడు. కొత్త ఫ్రేము చంకన పెట్టుకుని, "కడిగివ్వు, ఇవాళే గోడకెక్కిస్తా" అని వాళ్ళింటి అరుగు మీద వచ్చి కూచున్నాడు.

ముగ్గురూ గాజు పలకని నల్లగుడ్డలో చుట్టి, పసిబిడ్డలా మోసుకుంటూ డార్క్‌రూమ్ దాకా వచ్చారు. నరహరి ఎర్ర లైటు వెయ్యబోయాడు. తలుపు మీద అక్షరాలు కనపడ్డాయి. చెయ్యి ఆగిపోయింది.

"ఎర్ర లైటు నియమాలు" అని తులశమ్మ కూడబలుక్కుని చదివింది. "అమ్మో! పాత పద్ధతిలో కడిగేసేవాళ్ళం కదండీ!"

"ఎంత గండం తప్పింది!" అన్నాడు నరహరి. పాత పద్ధతి తన మోకాళ్ళని ఏం చేసిందో అతనికి తెలుసు. అట్లాంటి హింస నాన్న దాచిన ఆఖరి పలకకా? ప్రాణం పోయినా చెయ్యడు.

అంతే. పలకని పెరట్లోకి తెచ్చారు. తలుపులన్నీ బార్లా తెరిచారు. నల్లగుడ్డ తీసేశారు, మధ్యలో బట్ట అడ్డం ఉండకూడదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో పలకని చాప మీద పడుకోబెట్టి, అద్దాలు పెట్టుకుని, ఎనిమిది నిమిషాలు మేడమ్ పరికరంతో ఎర్ర వెలుగు పట్టారు. ఒక్క నిమిషం ఎక్కువ పెట్టలేదు. ఏ మందులోనూ ముంచలేదు.

"ఇక వంపులు" అన్నాడు నరహరి.

దశరథం రెండు చేతులా పలకని పట్టుకుని, "ఒకటి!" అని వంచాడు.

పటుక్కుమంది.

తులశమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. దశరథం మొహం పాలిపోయింది. నరహరి మాత్రం చలించలేదు. తన మోకాలిని ప్రేమగా ఒకసారి నిమురుకుని అన్నాడు:

"భయపడకండి. మొదటి రోజు నాదీ ఇట్లాగే అంది. ఇంకా పందొమ్మిది ఉన్నాయి. ఆపొద్దు తమ్ముడూ!"

అరుగు మీంచి చలమయ్య మెడ సాచాడు. "ఏంటయ్యా లోపల ఆ పటపటలు?"

"ఏం లేదండీ" అని తులశమ్మ పెరట్లోంచి సంబరంగా కేకేసింది. "ఫోటో కోలుకుంటోంది!"